జీవము మాసిపోవునా?

భూమిపైనున్న జీవమంతయు ఒక్కమారుగా నశించునా? ఒకప్పుడు ప్రళయకథలలో వినిపించిన ఈ ప్రశ్నను నేడు అణ్వస్త్రములు, వేడెక్కుచున్న సముద్రములు మన యింటి ముంగిటికే తెచ్చినవి. భయపడుటకు ముందు భూమి తన చరిత్రను తానే ఎట్లు చెప్పుచున్నదో విందము.

1883 ఆగస్టులో జావా, సుమత్రాల నడుమనున్న క్రాకటోవా ద్వీపము అగ్నిపర్వతపు ప్రేలుడుతో బ్రద్దలైనది. మిగిలిన భాగమును వేడిబూడిద దట్టముగా కప్పివైచినది. తొమ్మిది మాసములకు అచటికేగిన పరిశోధకుల కంటబడిన ప్రాణి ఒక్కటే: గూడు అల్లుకొనుచున్న చిన్న సాలెపురుగు. మూడేండ్లకు ఫెర్న్ మొక్కలు మొలచినవి. గాలి, అలలు, పక్షులు విత్తనములను మోసికొనివచ్చినవి. అర్ధశతాబ్ది గడచునప్పటికి అచట అడవి పెరిగినది.

ఆ ద్వీపమునకు పొరుగుతీరములు సాయపడినవి. భూమి అంతయు గాసిపడిన నాడు ఎవరు సాయపడుదురు? సుమారు 25 కోట్ల 20 లక్షల ఏండ్ల క్రిందట సైబీరియాలో లావా వెల్లువలు పొంగి, వాటి వాయువులచే సముద్రజాతులలో నూటికి 80కి పైగా అంతరించినవి. 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట మెక్సికో తీరమున సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలము పడగా రాక్షసిబల్లులు గతించినవి. దాదాపు ఆ కాలముననే దక్కను పీఠభూమిపై లావా ప్రవహించినది. రాజమహేంద్రవరము చెంత కాటేరు క్వారీలలోని నల్లరాయి ఆ లావాయే. అచట రెండు లావా పొరల నడుమ నత్తగుల్లల శిలాజములు కలవు. మొదటి ప్రవాహము చల్లారిన పిదప, రెండవది రాకమునుపు, ఆ చోట జీవులు మరల కాపురముండినవన్నమాట!

ఈ మొండితనమునకు మూలము సూక్ష్మజీవులు. దక్షిణాఫ్రికాలోని ఒక బంగారుగనిలో 2.8 కిలోమీటర్ల లోతున, సూర్యకాంతి యెరుగక, రాతి పగుళ్ల నీటిలోని హైడ్రోజనుతో బ్రదుకు సూక్ష్మజీవులను కనుగొనిరి. పైన అడవులు తగులబడినను వాటికి తెలియదు. సూర్యతాపము పెరిగి సముద్రములు ఇంకిపోవువరకు, అనగా ఇంకను సుమారు 100 కోట్ల ఏండ్లు, భూమిపై జీవము పూర్తిగా మాసిపోవుట కష్టమే.

అట్లయిన మనకు చింత యేల? జీవము నిలుచుట వేరు, జీవజాతులు నిలుచుట వేరు. సైబీరియా విలయము పిదప సముద్రము కోలుకొనుటకు లక్షలాది సంవత్సరములు పట్టినది. గతించిన జాతి ఒక్కటియు తిరిగి రాలేదు.

రాక్షసిబల్లుల వంశమున మిగిలినవి పక్షులే. వాటిలో ఒకటి కలివికోడి. 1900 తరువాత అది కనబడనందున అంతరించెనని తలచిరి. 1986లో కడప ప్రాంతపు చిట్టడవిలో మరల దొరకినది. గ్రహశకలము తాకిడికి ఓర్చిన వంశమునకు నేడు ఆ ముళ్లపొదలే దిక్కు. వాటిని నరికివైచినచో జీవము నశింపదు, కలివికోడి నశించును. మానవజాతియు అటువంటిదే. భూమికి మన అవసరము లేదు. దాని అవసరము మనకే కలదు.