నిత్యకృత్యాలలో ధ్యాస

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

75 ఏండ్ల పండుగ జరుపుకొంటున్న ఈ ప్రాంగణంలో పెద్ద విషయాలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఇక్కడ తలపెట్టినది ప్రతి ఇంటా ప్రతిదినం జరిగే ఒక చిన్న విషయం.

అయిదవ తరగతిలో ఒక ఉపాధ్యాయురాలు సంభాషణ పాఠం చెబుతూ, "నిన్న రాత్రి మీ ఇంట్లో ఏమేమి మాట్లాడుకున్నారు?" అని పిల్లలను అడిగారు. ఒక బాలిక కొంతసేపు ఆలోచించి, "ఏం మాట్లాడుకోలేదు టీచర్, ఎవరి పని వాళ్లు చేసుకున్నారు" అన్నది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఇల్లంటే అంతే అనుకున్నది ఆ బిడ్డ.

నీలం నగర్‌లో ఆ ఇల్లు ఎవరిదైనా కావచ్చు. తండ్రి రాత్రి పాళీకి బయలుదేరుతూ ఉంటాడు. తల్లి ఒడిలో చాట పెట్టుకొని, లెక్క పూర్తయ్యేదాకా బీడీలు చుడుతూ ఉంటుంది. పిల్లల చేతిలో సెల్‌ఫోను ఉంటుంది. పక్క షెడ్డులో మరమగ్గాల మోత ఆగదు. ఎవరి తప్పూ లేదు. అందరూ కుటుంబం కోసమే శ్రమిస్తున్నారు. కాని ఆ కుటుంబం ఒకచోట చేరే ఘడియ మాత్రం జారిపోతున్నది.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి షోలాపూర్‌కు వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తమతో నేత విద్యను, తెలుగు మాటను తెచ్చుకొన్నాయి. వాటితో పాటు ఒక దినచర్యనూ తెచ్చుకొన్నాయి. తెల్లవారగానే వాకిట సాన్పు చల్లి ముగ్గు వేయడం, పనిలోకి దిగేముందు మగ్గాన్ని తాకి కళ్లకద్దుకోవడం, సందెవేళ దీపం పెట్టడం అందులోనివే. శ్రావణ పౌర్ణమినాడు నూతన యజ్ఞోపవీతం ధరించి మార్కండేయుని రథోత్సవానికి కదలడం, ఖండే నవమినాడు మగ్గాలకు పూజ చేయడం, బతుకమ్మను పేర్చడం కూడా ఆ వరుసలోనివే. బతుకమ్మను పేర్చిన చేతులకు తెలుసు. తంగేడు, గునుగు పూలను వరుస తప్పకుండా పేర్చేటప్పుడు మనసు మరొకచోట ఉంటే శిఖరం ఒరిగిపోతుంది. ఆ పూల వరుసలు భక్తిని నేర్పినట్లే ధ్యాసనూ నేర్పాయి.

ఆచారం వేరు, ధ్యాస వేరు. ఈ భేదాన్ని నేతగాడు గ్రంథాలు చదవకుండానే గ్రహిస్తాడు. కండెలో నూలు అయిపోయిన తరువాత కూడా నాడె అటూ ఇటూ పరుగెత్తగలదు. చప్పుడు అదే, వేగం అదే, కాని గుడ్డ పెరగదు. మనసు లేని ఆచారం కూడా అటువంటిదే. దీపం వెలుగుతుంది, చూపు మాత్రం టీవీ మీద ఉంటుంది. అన్నం తినడం పూర్తవుతుంది, కూర రుచి గుర్తుండదు. మరమగ్గంలో పేక తెగితే యంత్రాన్ని ఆపే ఏర్పాటు ఉన్నది. ఇంట్లో మాట తెగినప్పుడు ఆపే ఏర్పాటు ఏదీ లేదు. ఆ పని మనుషులే చేయాలి.

మనసును చేసే పనిమీద నిలపడం భారతదేశానికి కొత్త కాదు. బుద్ధుడు ఉచ్ఛ్వాస నిశ్వాసలను గమనించడాన్ని సాధనగా బోధించాడు. గాంధీజీ నూలు వడకడాన్ని యజ్ఞంగా భావించారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ అనే శాస్త్రవేత్త, దీర్ఘకాలిక నొప్పులతో, మానసిక ఒత్తిడితో బాధపడేవారికి ఇటువంటి సాధననే ఒక శిక్షణగా రూపొందించారు. ఎనిమిది వారాల ఆ శిక్షణ తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. దూరదేశాల ఆసుపత్రులలో నేర్పుతున్న ఆ ధ్యాసకు నీలం నగర్ ఇండ్లలో బీజం ఎప్పటినుండో ఉన్నది. కావలసినది దానికి కొంచెం నీరు పోయడమే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నియమమనగానే ఆ భారమంతా తల్లి నెత్తిన పడడం లోకరీతి. వెయ్యి బీడీలు చుట్టిన చేతులకు మరొక పని అప్పగించడం ధర్మం కాదు. దీపం తల్లే పెట్టాలని శాసనమేమీ లేదు. కొడుకు పెట్టవచ్చు, తండ్రి పెట్టవచ్చు. దీపం పెట్టే ఆనవాయితీ లేని ఇంట్లో అందరూ కలిసి ఒక గ్లాసు చాయ తాగినా చాలు. కావలసినవి మూడే: ఒక నిర్ణీత వేళ, అందరికీ చోటు, చేతిలో ఫోను లేని పది నిమిషాలు. రాత్రి పాళీ ఉన్న ఇంట్లో ఆ వేళ తండ్రి బయలుదేరడానికి ముందే కావచ్చు. ఆ పది నిమిషాలలో పిల్లల మార్కుల విచారణ చేయకూడదు. ఆ రోజు చూసినదేదో ఒక్కొక్కరు ఒక్క మాట చెప్పుకొంటే చాలును.

దీనిలో ఇంకొక లాభం ఉన్నది. ఈ ఊరిలో పిల్లలు వీధిలో మరాఠీ వింటారు, తెరమీద హిందీ వింటారు. రెండూ నేర్వదగిన భాషలే. కాని తెలుగు వినిపించే చోటు ముఖ్యంగా ఇల్లే. ఆ ఇల్లు మౌనం వహిస్తే, తెలుగు మాధ్యమ పాఠశాల ఎంత శ్రమించినా ఆ పిల్లలకు తెలుగు పాఠ్యపుస్తకపు భాషగానే మిగిలిపోతుంది. "పోగు", "పడుగు", "సాన్పు" అనే మాటలు నిఘంటువులో చూసి నేర్చుకొనేవి కావు. అవ్వ పక్కన కూర్చొని వినవలసినవి.

మగ్గంమీద పడుగు పోగు తెగితే అనుభవజ్ఞుడు కోపగించుకోడు, కంగారు పడడు. మగ్గం ఆపి, తెగిన కొసను వెదకి, రెండు వేళ్లతో ముడివేసి, మరల నడుపుతాడు. ఆ ఆగడాన్ని ఎవరూ వృథా కాలమనరు. గుడ్డ గట్టిదనం ఆ ఆగడంలోనే ఉన్నది. ఈ సభనుండి ఇండ్లకు వెళ్లే ప్రతి తల్లి, ప్రతి తండ్రి ఈ రాత్రి పది నిమిషాలు పని ఆపగలిగితే, రేపు అదే తరగతిలో అదే ప్రశ్న అడిగినప్పుడు ఆ బాలిక చెప్పడానికి ఒక్క మాటైనా తెచ్చుకొంటుంది.