గేటు తెరిచి ఉంచిన మైదానం



గోల్ఫ్ అనగానే మనలో చాలామందికి ఒక దృశ్యం కళ్లముందు మెదులుతుంది. కనుచూపు మేర పచ్చిక, తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, ఆయన వెనకాల బరువైన సంచీ మోస్తూ నడిచే కుర్రాడు, వీటన్నిటికీ ఇవతల ఎత్తయిన ప్రహరీ గోడ. బెంగళూరు, కోలారు ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన దృశ్యమే. ఇంగ్లీషువాళ్లు మన దేశానికి ఈ ఆటను చాలా ముందే తెచ్చారు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829 నాటిది. బెంగళూరు గోల్ఫ్ క్లబ్బు 1876 నాటిది. మా నాన్నగారు చిన్నతనంలో ఒక క్లబ్బులో బంతులు ఏరి, సంచులు మోసి, ఆ డబ్బుతో బడి పుస్తకాలు కొనుక్కున్నారు. "ఆ గడ్డి మీద ఎన్ని మైళ్లు నడిచానో లెక్కలేదమ్మా, కర్ర మాత్రం ఒక్కనాడూ పట్టలేదు" అనేవారు, నవ్వుతూనే.

కాబట్టి గోల్ఫ్ మనకు సంబంధించిన ఆట కాదని నేనూ చాలాకాలం అనుకున్నాను. కిందటేడు వేసవి సెలవుల్లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న మా అక్కయ్యగారింటికి వెళ్లాను. అక్కడ బావగారి ఆఫీసువాళ్లు సరదాగా ఒక గోల్ఫ్ ఆట ఏర్పాటు చేసుకున్నారు. పోటీ అనడం కంటే స్నేహితుల కూడిక అనడమే సబబు. అది జరిగింది ఈస్ట్ కాంటన్ అనే చిన్న ఊరి దగ్గర క్లియర్‌వ్యూ అనే మైదానంలో. అక్కడ సభ్యత్వం అక్కర్లేదు. రుసుము కట్టిన ఎవరైనా ఆడవచ్చు. దాన్ని నడుపుతున్నది ఏ పెద్ద సంస్థో కాదు, ఒక కుటుంబం. ఆ ఆట సంగతీ, ఆ కుటుంబం కథా ఈ రోజు మీకు చెబుదామని వచ్చాను.

ముందు ఆట తీరు కొంచెం చెప్పాలి. గోల్ఫ్ మైదానంలో పద్దెనిమిది గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు, అంటే మన ఇళ్లలో ఉండే చిన్న గిన్నె మూతంత. వందల గజాల దూరం నుంచి చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ వెళ్లి, ఎంత తక్కువ దెబ్బల్లో ఆ గుంటలో పడేస్తే అంత గొప్ప. క్రికెట్టులో ఎక్కువ పరుగులు చేసినవాళ్లు గెలుస్తారు, ఇక్కడ తక్కువ దెబ్బలు కొట్టినవాళ్లు గెలుస్తారు. పిల్లలకు ఇది చెబితే మొదట నమ్మరు.

స్నేహపూర్వకంగా ఆడేటప్పుడు స్క్రాంబుల్ అనే పద్ధతి ఒకటి పాటిస్తారు. నలుగురు ఒక జట్టు. నలుగురూ తలా ఒక దెబ్బ కొడతారు. అందులో ఎవరి బంతి మంచిచోట పడిందో చూసి, మిగిలిన ముగ్గురూ తమ బంతులు తీసుకుని అక్కడికే వస్తారు. మళ్లీ నలుగురూ అక్కడినుంచే కొడతారు. జట్టు మొత్తానికి ఒకటే లెక్క. పైగా అన్ని జట్లూ ఒకే సమయంలో, వేరువేరు గుంటల దగ్గర ఆట మొదలుపెడతాయి. అందువల్ల ఇంచుమించు అందరూ ఒకేసారి ముగించి, కలిసి భోజనానికి కూర్చుంటారు.

బావగారి జట్టులో ఒకాయన ఆ రోజు రాలేదు. "నువ్వు దిగవే, బళ్లో పిల్లలచేత ఆటలాడించేదానివేగా" అని అక్కయ్య నన్ను ముందుకు తోసింది. జట్టులో బావగారు, ఉద్యోగ విరమణ చేసిన ఒక తెల్లాయన, ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే ఒక నల్లజాతి ఆవిడ, నాలుగోదాన్ని నేను. నా మొదటి దెబ్బకు గడ్డి లేచిందిగాని బంతి లేవలేదు. ఎవరూ నవ్వలేదు. ఆ నర్సమ్మ వచ్చి, ఊడిన పచ్చిక పెళ్లను తీసి మళ్లీ దాని గుంటలోనే పెట్టి కాలితో అదిమి, నా చేతివేళ్లు సరిచేసి వెళ్లింది. చాలాసేపు నా బంతి జట్టుకు ఏ విధంగానూ పనికిరాలేదు. కాని ఏడో గుంట దగ్గర బంతి గుంటకు నాలుగు బారల దూరంలో ఆగింది. ముగ్గురూ వరసగా తప్పారు. నేను మెల్లగా తోసిన బంతి వంపు తిరిగి లోపల పడింది. నేర్చినవాళ్ల బలం దూరం నుంచి తెచ్చింది, నేర్వనిదాని నిదానం చివర పనికొచ్చింది. తరగతిలో చురుకైన పిల్లల్నీ, వెనకబడిన పిల్లల్నీ ఒకే గుంపులో కూర్చోబెట్టమని బీఈడీలో మాకు చెప్పిన పాఠం సరిగ్గా ఇదే.

ఇక ఆ మైదానం కథకు వస్తాను. దాన్ని కట్టినాయన పేరు విలియం పావెల్. 1916లో అలబామా రాష్ట్రంలో పుట్టిన నల్లజాతీయుడు, ఒహాయోలో పెరిగాడు. చిన్నప్పుడు మా నాన్నగారిలాగే గోల్ఫ్ మైదానంలో సంచులు మోసి ఆట నేర్చుకున్నాడు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి, ఇంగ్లండులో ఉన్నప్పుడు అక్కడి మైదానాల్లో ఆడాడు. దేశం కోసం యుద్ధం చేసి 1946లో ఇంటికి తిరిగి వస్తే, సొంత ఊరి చుట్టుపక్కల మైదానాల్లో నల్లవాడివి, ఆడడానికి వీల్లేదన్నారు. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు ప్రభుత్వ హామీతో ఇచ్చే అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే అక్కడా మొండిచెయ్యే ఎదురైంది. అమెరికాలోని వృత్తి గోల్ఫ్ ఆటగాళ్ల సంఘం పీజీఏ తన నిబంధనల్లో తెల్లవాళ్లకు మాత్రమే సభ్యత్వం అని 1934లో రాసుకుంది. ఆ మాట 1961 దాకా చెరగలేదు.

అటువంటప్పుడు మనిషి ఏం చెయ్యాలి? కోపంతో కూర్చోవచ్చు, ఆట మానుకోవచ్చు. ఆయన తానే ఒక మైదానం కడతానన్నాడు. ఇద్దరు నల్లజాతి వైద్యులు పెట్టుబడి పెట్టారు. అన్నదమ్ముడొకడు తన ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు ఇచ్చాడు. అలా 78 ఎకరాల పాత పాడి పశువుల క్షేత్రం కొన్నారు. రాత్రివేళ ఒక కర్మాగారంలో కాపలా ఉద్యోగం, పగలు మైదానం పని. రాళ్లు ఏరడం, కంపలు కొట్టడం, గడ్డివిత్తనం చేత్తో చల్లడం. భార్య మార్సెల్లా పక్కన నిలబడింది. 1948లో తొమ్మిది గుంటలతో గేటు తెరిచారు. పద్దెనిమిది గుంటలు పూర్తి కావడానికి 1978 దాకా పట్టింది. అంటే ఇంకో ముప్పై ఏళ్లు!

వ్యవసాయం తెలిసిన శ్రోతలకు ఈ శ్రమ వేరే చెప్పక్కర్లేదు. గుంట చుట్టూ ఉండే పచ్చికను అంగుళంలో ఎనిమిదోవంతు ఎత్తుకు, ఆట జరిగే రోజుల్లో ప్రతి ఉదయం కత్తిరించాలి. నీరు ఎక్కువైతే తెగులు, తక్కువైతే ఎండు. ఈ పనులన్నీ ఆ ఇంట్లోవాళ్లే నేర్చుకున్నారు. కొడుకు లారీ మైదానం సంరక్షణ చూసుకున్నాడు. కూతురు రెనీ మూడేళ్ల వయసునుంచే తండ్రి దగ్గర ఆట నేర్చి, 1967లో మహిళల వృత్తి గోల్ఫ్‌లో అడుగుపెట్టింది. అక్కడ ఆడిన నల్లజాతి స్త్రీలలో ఆమె రెండవది. తర్వాత ఇంటికి తిరిగివచ్చి తండ్రి మైదానాన్నే నిలబెట్టింది.

ఒకప్పుడు మూసిన తలుపులే తర్వాత తెరుచుకున్నాయి. 2001లో ఆ మైదానాన్ని అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. ఒకనాడు నల్లవాళ్లను దూరం పెట్టిన పీజీఏయే 2009లో విలియం పావెల్‌కు తన విశిష్ట సేవా పురస్కారం ఇచ్చింది. ఆ ఏడాది చివరిరోజున ఆయన తొంభై మూడో ఏట కన్నుమూశాడు. గోల్ఫ్‌కు పుట్టిల్లయిన స్కాట్లండులో, సెయింట్ ఆండ్రూస్‌లోని పాత క్లబ్బు 2015లో మొదటిసారి స్త్రీలకు గౌరవ సభ్యత్వం ఇచ్చినప్పుడు, ఆ కొద్దిమందిలో రెనీ ఒకరు.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఒకటి ఉంది. తనను వెళ్లగొట్టినవాళ్లను తాను వెళ్లగొట్టలేదు పావెల్. నల్లవాళ్లకు మాత్రమే అని తన గేటుకు బోర్డు కట్టవచ్చు, ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మొదటిరోజు నుంచీ అందరూ రావచ్చన్నాడు. ఇక్కడ లెక్కలోకి వచ్చే రంగు పచ్చిక రంగు ఒక్కటే అన్నది ఆయన అభిప్రాయం. నాతో ఆడిన తెల్లాయనా, నల్లావిడా, మా బావగారూ, నేనూ ఆ ఒక్క మాట వల్లనే ఒక జట్టయ్యాం.

మన దేశంలో కూడా గోడ అవతలి నుంచి వచ్చి గెలిచినవాళ్లున్నారు. ఢిల్లీలో సంచులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. మన బెంగళూరు వాడైన సి. మునియప్ప 2009లో అదే పోటీ గెలిచాడు. వాళ్లు పుట్టుకతో సభ్యులు కారు. డబ్బు కట్టి ఎవరైనా ఆడగల మైదానం ఢిల్లీలో కుతుబ్ దగ్గర 2000లో వచ్చింది. అటువంటివి మనకు ఇంకా చాలా తక్కువ.

మనకు ఊరికొక గోల్ఫ్ మైదానం కావాలని నేననను. నీటికి కటకటలాడే మన ప్రాంతంలో అన్ని ఎకరాల పచ్చికకు నీళ్లెక్కడివి? కాని మన ఊళ్లలో చాలాచోట్ల బడి ఉంది, బడికి ఆటస్థలం ఉంది. సాయంత్రం ఆఖరి గంట కొట్టగానే దానికి తాళం పడుతుంది. ఆదివారం పిల్లలు గోడెక్కి దూకుతారు, వాచ్‌మన్ తరుముతాడు. బిడ్డలకు ఆట నేర్పవలసిన చోటే గోడ దూకడం నేర్పుతున్నాం. ఉపాధ్యాయులం, తల్లిదండ్రులం వంతులేసుకుని ఆదివారం రెండు గంటలు ఆ గేటు తీసి ఉంచలేమా? దానికి 78 ఎకరాలు అక్కర్లేదు, ముప్పై ఏళ్లూ అక్కర్లేదు. ఒక తాళంచెవి, దానికి పూచీ పడే మనిషి ఒకరు ఉంటే చాలు. మా బడిలో వచ్చే ఆదివారం ఆ తాళంచెవి నేను తీసుకుంటున్నాను. మీ ఊళ్లో ఎవరు తీసుకుంటారో ఆలోచించండి.