నడిగడ్డ: ఏలికలు మారిన సీమ



ఈ శతవార్షికోత్సవ వేళ మన సంఘాల చరిత్రను పలువురు చెబుతున్నారు. ఆ సంఘాలు వెలసిన నేల చరిత్ర కూడా కొంత చెప్పుకొందాము. నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమల దక్షిణపు అంచు తరతరాలుగా రాజ్యాల పొలిమేర. అందులో కృష్ణా తుంగభద్రల మధ్యనున్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని మనం నడిగడ్డ అంటాము.

అలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి. తరువాతి కాలంలో బహమనీ సుల్తానులు, విజయనగర రాయలు ఈ రాయచూరు అంతర్వేది కోసం పలుమార్లు పోరాడారు. 1520లో రాయచూరు యుద్ధంలో శ్రీకృష్ణదేవరాయలు గెలిచాడు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత బిజాపురం వారిది పైచేయి అయింది. 1686లో బిజాపురం, 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యాయి. 1724 నుండి ఆసఫ్‌జాహీల పాలన సాగింది. సైన్యం ఖర్చు బాకీ కింద నిజాము 1853లో ఈ అంతర్వేదిని ఇంగ్లీషువారికి అప్పగించి, 1860లో తిరిగి పొందాడు. గద్వాల సంస్థానం మాత్రం పేష్కష్ చెల్లిస్తూ, పండితులను పోషిస్తూ నిలబడింది.

1839లో కర్నూలు కంపెనీ పాలనలోకి పోయాక తుంగభద్ర రెండు ప్రభుత్వాల హద్దయింది. ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దారు. నూరు కల్దార్లకు సుమారు 116 హాలీ రూపాయలు ఇవ్వాలి. సరుకు హద్దు దాటితే కరోడ్‌గిరి సుంకం. ఇవతల కచేరీలో ఉర్దూ, అవతల ఇంగ్లీషు. రైతు మాత్రం రెండు గట్లమీదా తెలుగే మాట్లాడేవాడు.

హైదరాబాదు 1948లో భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లాను విభజించి, గద్వాల, అలంపురం తాలూకాలను మహబూబ్‌నగరులో చేర్చారు. భాష ప్రకారం అది న్యాయమే. కాని రాజోలిబండ ఆనకట్ట మైసూరు రాష్ట్రంలో ఉండిపోయింది, దాని ఆయకట్టులో 87,500 ఎకరాలు మనవైపు వచ్చాయి. బచావత్ ట్రిబ్యునల్ మనకు 15.9 టి.ఎం.సి.ల నీరు కేటాయించినా, కాలువ చివరి పొలాలకు నీరందక ఎన్నో పంటలు ఎండాయి. కాగితంమీద గీసిన గీత రైతు మడిలో కనబడింది.

నల్లగొండవారికీ ఇది తెలియనిది కాదు. 1955 డిసెంబరు 10న నందికొండవద్ద నెహ్రూగారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేసిన నాడు కృష్ణకు ఒక గట్టు హైదరాబాదు రాష్ట్రం, రెండవది ఆంధ్ర రాష్ట్రం. మరుసటి ఏడే ఆ హద్దు పోయింది. 2014 జూన్ 2న మళ్ళీ వచ్చింది. ఆనకట్ట ఒక్కటే, పంచుకొనేవారు ఇద్దరు. ఇలాంటి ఆనకట్టలకు రాళ్ళు మోసినవారిలో పాలమూరు కూలీలు ఎందరో ఉన్నారు. వారి సొంత చేలు మాత్రం వానకోసం ఎదురుచూశాయి.

కాబట్టి మన మనవి రెండు మాటలు. హద్దు అవతలివాడు మనకు పగవాడు కాడు; అతడూ అదే నీటికోసం చూసే రైతు. నీటి వాటా అడుగుదాము, పొరుగువానిని ద్వేషించక అడుగుదాము. ఇక, పాత పట్టాలు, శిస్తు రసీదులు, ఉర్దూ కాగితాలు ఇండ్లలో చెదలు పట్టకముందే చదివించి దాచుకొందాము. ముసలివారు చెప్పేది పిల్లలచేత వ్రాయిద్దాము. ఏలినవారి చరిత్ర పుస్తకాలలో ఉన్నది. దున్నినవారి చరిత్ర మనమే వ్రాసుకోవాలి.