ఆగమని చెప్పేవారు ఎంతవరకో కూడా చెప్పాలి

(ఏలూరులో జరిగిన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అనిశ్చితమైన ఈ రోజులలో మన పిల్లలు ఒంటరిగా ప్రయాణించవచ్చునా, లేదా అన్న అంశంపై మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము పండితులం కాము. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాము. పదవీ విరమణ తరువాత స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, పాస్‌పోర్టు కాగితాలు, పింఛను అర్జీలు పట్టుకుని వచ్చేవారికి చేతనైన సాయం చేస్తున్నాము. ఆ క్రమంలో ఒక తప్పు చేశాము. దానితోనే మొదలుపెడతాము.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని బలిగొన్నారు. పర్యాటకులను కాపాడబోయి ప్రాణాలు కోల్పోయిన స్థానిక ముస్లిం గుర్రపు స్వారీ కార్మికుడు కూడా వారిలో ఉన్నాడు. అయినా ఆ తరువాతి రోజులలో పలు రాష్ట్రాలలో కాశ్మీరీ విద్యార్థులకు బెదిరింపులు వచ్చాయి. మే 7 నుంచి సరిహద్దులో దాడులు, ప్రతిదాడులు సాగాయి. ఉత్తరాదిన అనేక విమానాశ్రయాలు మూతపడ్డాయి. మే 10న కాల్పుల విరమణ ప్రకటించారు.

సరిగ్గా ఆ రోజులలో ఏలూరు పాతబస్తీకి చెందిన ఒక దర్జీ సోదరుడు మా ఇంటికి వచ్చాడు. ఆయన కుమార్తెకు ఉత్తరాదిలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి పరిశోధన ప్రవేశానికి మౌఖిక పరీక్ష పిలుపు వచ్చింది. ఇంకా పది రోజుల గడువు ఉంది. తల్లి మంచాన ఉంది, అన్న కువైట్‌లో ఉన్నాడు, తండ్రి మిషను ఆపితే ఇల్లు గడవదు. వెళితే ఆ అమ్మాయి ఒంటరిగానే వెళ్లాలి. హిజాబుతో వెళుతుంది.

మరునాడు పెద్దలం అయిదుగురం వారింట కూర్చున్నాము. టీవీలో చూసినవీ, ఫోన్లలో వచ్చినవీ తలా ఒకటి చెప్పుకున్నాము. గంట గడవకముందే ‘ఈ ఏడు ఆగడం మంచిది’ అని తేల్చాము. ఆ అమ్మాయి మాకు చాయ్ అందించి పక్కగదిలోకి వెళ్లింది. ఆమెను పిలిచి ఒక్క మాట అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

పరీక్ష తేదీ దాటిపోయింది, సీటు పోయింది. కొన్ని నెలల తరువాత ఒక నికాహ్‌లో ఆ అమ్మాయి ఎదురుపడింది. ఇప్పుడు ఒక చిన్న ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతోంది. మర్యాదగా సలాం చేసి, ‘చాచా, ఆ రోజు ఆగమన్నారు, ఆగాను. ఎప్పటిదాకా ఆగాలో మాత్రం చెప్పలేదు’ అన్నది. మా దగ్గర జవాబు లేకపోయింది.

కార్యాలయంలో ఒక ఫైలును పక్కన పెట్టాలంటే, మళ్లీ ఏ తేదీన పైకి పెట్టాలో దానిపై వ్రాయవలసి ఉండేది. తేదీ వ్రాయకుండా బీరువాలో పెడితే ఆ ఫైలు చచ్చిపోయినట్లే. కాగితాల విషయంలో ఇంత నియమం పాటించిన మేము ఒక బిడ్డ జీవితాన్ని తేదీ వ్రాయకుండా బీరువాలో పెట్టాము.

అయితే మన భయం వట్టిదని మేము అనడం లేదు. 2017 జూన్ 22న ఈద్ బట్టలు కొనుక్కుని ఢిల్లీ నుంచి ఇంటికి వస్తున్న జునైద్ అనే కిశోరుణ్ణి రైలులో పొడిచి చంపారు. 2023 జూలై 31 తెల్లవారుజామున జైపూర్–ముంబయి రైలులో రక్షణకు నియమించిన ఆర్‌పీఎఫ్ కానిస్టేబులే తన పైఅధికారినీ, ముగ్గురు ముస్లిం ప్రయాణికులనూ కాల్చి చంపాడు. ఆ ముగ్గురిలో ఒకరు హైదరాబాదు నివాసి. 2024 ఆగస్టులో మహారాష్ట్రలో, కుమార్తె ఇంటికి వెళుతున్న 72 ఏళ్ల వృద్ధుణ్ణి పశుమాంసం తీసుకువెళుతున్నాడన్న అనుమానంతో రైలులో కొట్టారు. ఇవన్నీ జరిగినవే. వీటిని విన్న తల్లి గుండె దడదడలాడితే అది పిరికితనం కాదు.

ఈ భయం ఇప్పటిది కూడా కాదు. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక బురఖా ధరించిన స్త్రీలకు బజారులో, ఆసుపత్రిలో, బస్సులో ఎదురయ్యే చులకనను నమోదు చేసింది. అభద్రతా భావం ముస్లింల రాకపోకలను, ముఖ్యంగా స్త్రీల కదలికలను కుదించివేస్తోందని చెప్పింది. ఇంటి నుంచి కదలలేనివారు చదువుకూ, ఉద్యోగానికీ, కోర్టుకూ, చివరికి ఆసుపత్రికీ దూరమవుతారు.

భయం ఉన్నప్పుడు నిర్ణయం ఎలా తీసుకోవాలో మన కొల్లేరు లంకలవారిని చూసి నేర్చుకోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరంతా కొల్లేటికి చేరి, లంక గ్రామాల దారులు మునిగినప్పుడు బియ్యం, మందులు పట్టుకుని మేమూ ఆ వైపు వెళ్లాము. అక్కడివారు ‘వరద వచ్చింది, కదలకూడదు’ అని కూర్చోలేదు, కనబడిన నీటిలోకి దూకనూ లేదు. గట్టు మీద నిలబడి ముందు ఒకటే అడిగేవారు: ‘నీరు ఎక్కుతోందా, తీస్తోందా?’ తరువాత ‘రోడ్డు ఎక్కడ తెగింది? అవతల గట్టున ఎవరున్నారు?’ అని అడిగేవారు. జవాబులు విన్నాకనే దోనె ఎక్కేవారు, లేదా మర్నాటికి ఆగేవారు.

ఆగడం కూడా ఒక్కోసారి సరైన నిర్ణయమే. ఆ సెప్టెంబరు మొదటి రోజులలోనే మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, విజయవాడ–కాజీపేట మార్గంలో వందలాది రైళ్లు నిలిచిపోయాయి. అప్పుడు తాడేపల్లిగూడెం నుంచి హైదరాబాదుకు బయలుదేరిన ఒక యువకుణ్ణి ఆగమన్నాము. పట్టాలు సరిచేసి రైళ్లు నడిపేదాకా ఆగాడు, తరువాత వెళ్లాడు. అక్కడ ప్రమాదానికి ఒక చోటు ఉంది, ఒక ముగింపు ఉంది. మే నెలలో మేము చూపిన భయానికి ఈ రెండూ లేవు. కాల్పులు ఆగాయా, ఆ అమ్మాయి వెళ్లే నగరం ఎలా ఉంది, అక్కడ మనవారెవరైనా ఉన్నారా అని ఒక్క ఫోనైనా చేయలేదు.

అందుచేత ఇకపై మా దగ్గరకు సలహాకు వచ్చే ప్రతి కుటుంబాన్నీ నాలుగు ప్రశ్నలు అడగాలని నిశ్చయించుకున్నాము.

మొదటిది: భయం దేని గురించి? ఏ ఊరు, ఏ దారి, ఏ తేదీ? వెయ్యి కిలోమీటర్ల దూరాన జరిగిన సంఘటన వీడియోలో చూసినంత మాత్రాన మన దారి మూసుకుపోదు. ఆ ఊరిలో ఉన్నవారిని అడిగి తెలుసుకోవాలి.

రెండవది: ఆగితే ఎంతవరకు ఆగాలి? మళ్లీ ఏ రోజున కూర్చుని ఆలోచిస్తాము? తేదీ చెప్పలేనివారు ఆగమని చెప్పకూడదు.

మూడవది: వెళ్లకపోతే పోయేదేమిటి, ఆ నష్టం ఎవరిది? వెళితే వచ్చే ముప్పును మనం గంటసేపు లెక్కిస్తాము. వెళ్లకపోతే పోయే ఉద్యోగం, సీటు, వైద్యం ఏ లెక్కలోనూ వ్రాయము. ఆ నష్టం ఎప్పుడూ సలహా ఇచ్చినవారిది కాదు, ఆగినవారిదే.

నాలుగవది: మధ్యలో ఏదైనా తేడా వస్తే ఎక్కడ ఆగాలి, ఎవరికి ఫోను చేయాలి? దీనికి జవాబు లేకుండా మాత్రం బయలుదేరకూడదు.

ఈ నాలుగింటికీ జవాబులు వచ్చిన తరువాత, ప్రయాణించేవారు పద్దెనిమిదేళ్లు నిండినవారైతే, చివరి మాట వారిదే కావాలి. దారి సిద్ధం చేయడం పెద్దల పని.

ఇక్కడ మహ్రమ్ లేని ప్రయాణం గురించి కొందరు పెద్దలు అడుగుతారు. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. ఈ విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, ఎవరి విశ్వాసాన్ని వారు గౌరవించుకోవలసిందే. మహ్రమ్ తోడు లేని స్త్రీలను హజ్‌కు పంపే ఏర్పాటు మన దేశంలో 2018లో మొదలైంది. 2023లో అలా వెళ్లినవారు 4 వేలకు పైగా ఉన్నారు. మేము అడిగేది ఒక్కటే. మన గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు తల్లులు, అక్కచెల్లెళ్లు ఒంటరిగా విమానం ఎక్కుతూనే ఉన్నారు. వారు పంపిన డబ్బుతో ఇళ్లు కట్టుకున్నాము. అప్పుడు గుర్తుకు రాని మహ్రమ్, కూతురు చదువుకు వెళతానన్న రోజున మాత్రమే ఎందుకు గుర్తుకు వస్తున్నాడు? ఈ ప్రశ్నను ఎవరింట వారు వేసుకోవాలి.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. అందులో సగం సీట్లు ఇతర రాష్ట్రాలవారివి. ఎక్కడెక్కడి నుంచో ఆడపిల్లలు వచ్చి మన గూడెం స్టేషనులో దిగుతున్నారు. తెలియని భాష, తెలియని ఊరు. వారి తల్లులూ మనలాగే ఫోను దగ్గర కూర్చుంటారు. వారికి మన ఊరు ఎలా ఉండాలని కోరుకుంటారో, మన బిడ్డలకు వారి ఊరు అలా ఉండాలని మనమూ కోరుకుంటున్నాము.

ఇక ఆచరణకు వద్దాము. గత సంవత్సరపు తప్పు తరువాత కైకలూరు వైపు నుంచి ఒక నర్సింగు విద్యార్థిని హైదరాబాదులో ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. ఈసారి ముందుగా ఆ అమ్మాయినే కూర్చోబెట్టి మాట్లాడాము. పగటి రైలుకు టిక్కెట్టు తీశాము. ఆమె బోగీ, బెర్తు, పీఎన్‌ఆర్ నంబరు తల్లికీ, మాకూ, హైదరాబాదులోని ఒక కుటుంబానికీ తెలుసు. ఫోను నంబర్లు కాగితం మీద వ్రాసి ఇచ్చాము, ఎందుకంటే ఫోను పోతే అందులోని నంబర్లూ పోతాయి. డబ్బు రెండు చోట్ల పెట్టుకుంది. రైలు బాగా ఆలస్యమై అర్ధరాత్రి దాటాక చేరింది. అలా జరిగితే ఆటో ఎక్కకుండా స్త్రీల విశ్రాంతి గదిలో తెల్లవారేదాకా ఉండాలని ముందే అనుకున్నాము, అలాగే ఉంది. దారిలో ఒక ప్రయాణికుడు ఆమె దుస్తుల గురించి వెటకారంగా మాట్లాడాడట. వాదించకుండా 139కి ఫోను చేసింది. టీటీఈ వచ్చి వేరే బోగీలో, కుటుంబాలు ఉన్నచోట సీటు ఇప్పించాడు. ఆ మాట ఆమె మనసులో ఇంకా ముల్లులా ఉంది, ఆ సంగతి దాచము. కానీ ఆమె ఉద్యోగంలో ఉంది.

ప్రతి ఇంటా ఈ నంబర్లు గోడ మీద వ్రాసుకోండి: రైలులో 139, ఏ ఆపదకైనా 112, స్త్రీలకు 181, పిల్లలకు 1098. ఒంటరిగా ప్రయాణించే స్త్రీల కోసం ఆర్‌పీఎఫ్ 2020 నుంచి ‘మేరీ సహేలీ’ అనే ఏర్పాటు నడుపుతోంది. టిక్కెట్టు లేకపోయినా సరే, పురుషుని తోడు లేని స్త్రీని రాత్రివేళ ఏదో ఒక స్టేషనులో దించివేయడానికి రైల్వే చట్టంలోని 139వ సెక్షను ఒప్పుకోదు. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. దీనిని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో ఇది స్పష్టంగా ఉంది. ‘మా పరిధి కాదు’ అన్న జవాబు విని వెనుదిరగవద్దు.

కొత్తగా వెళ్లేవారికి చిన్న ప్రయాణాలతో అలవాటు చేయండి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జీ లేదు. అమ్మాయిని ముందు ఏలూరు నుంచి కైకలూరుకు, తరువాత తాడేపల్లిగూడేనికి ఒంటరిగా వెళ్లి రానివ్వండి. దారి అడగడం, బస్సు తప్పితే కంగారుపడకుండా ఉండటం ఆ చిన్న ప్రయాణాలే నేర్పుతాయి. పదిహేడేళ్లు వీధి దాటనివ్వకుండా, పద్దెనిమిదో ఏట ‘దానికి లోకం తెలియదు’ అనడం న్యాయం కాదు.

మసీదు కమిటీలకు ఒక విన్నపం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడులలో రాత్రివేళ చిక్కుకున్న ప్రయాణికురాలికి తలుపు తీయగల రెండేసి కుటుంబాల జాబితా తయారుచేద్దాం. మతం అడగకుండా తలుపు తీసే కుటుంబాలు కావాలి. విజయవాడ, హైదరాబాదులలోని బంధువుల నంబర్లు కూడా అందులో చేర్చుకుందాం.

ప్రభుత్వానికీ ఒక మాట. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణంలో ప్రతి పౌరునికీ ఇచ్చింది. మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ హోదాకు తగ్గని నోడల్ అధికారి ఉండాలని సుప్రీంకోర్టు 2018 జూలై 17న ఆదేశించింది. మన జిల్లాలో ఆ అధికారి ఎవరో అడుగుతూ ఈ సమావేశం తరఫున అర్జీ వ్రాశాము. మీ సంతకాలు కావాలి. మన జాగ్రత్తలు మనం తీసుకున్నంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరిపోదు.

ఒంటెను కట్టిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయాలన్న బోధను మనమందరం చిన్ననాటి నుంచి విన్నాము. ఒంటెను కట్టమన్నది ప్రయాణం మానుకోమని కాదు. పాతబస్తీ దర్జీ సోదరుని కుమార్తె ఈ ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టింది. పిలుపు వస్తే టిక్కెట్టు తీయించడానికి స్టేషనుకు మేమే వెళతామని ఆమెకు మాట ఇచ్చాము. ఈసారి ఫైలు మీద తేదీ వ్రాశాము.

అల్లాహ్ మన బిడ్డల ప్రయాణాలను సులభతరం చేయుగాక, వారిని క్షేమంగా గమ్యం చేర్చుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్.