వార్ధక్యమున అమెరికా నివాసము

ఉద్యోగము విరమించిన తల్లిదండ్రులకు అమెరికాలో స్థిరముగా నుండు హక్కు ఎట్లు కలుగునని నన్నడుగువారు పెక్కురు. మొన్న మా యూరి పెద్ద యొకరు, “పంతులుగారూ, నాకు పింఛను వస్తుంది, పొలం ఉంది. అవి చూపిస్తే గ్రీన్ కార్డు ఇవ్వరా?” యని యడిగిరి.

ఈయరు. పనామా వంటి దేశమున నెలకు 1,000 డాలర్లకు తక్కువ గాని యావజ్జీవపు పింఛను గలవారికి దానినిబట్టియే శాశ్వతనివాసము లభించును. అమెరికా చట్టమునం దట్టి ద్వారము లేదు. అచ్చట వృద్ధుల యోగ్యత సంతానమునుబట్టి వచ్చును. కుమారుడుగాని కుమార్తెగాని ఆ దేశపు పౌరసత్వము పొంది, 21 ఏండ్లు నిండి యుండవలెను. గ్రీన్ కార్డు మాత్రమే గల బిడ్డ తల్లిదండ్రులకై అర్జీ పెట్టజాలడు. తండ్రి కొకటి, తల్లి కొకటి వేర్వేఱుగ అర్జీలు కావలెను. మన రేషను కార్డువలె ఒక్క కాగితమున ఇల్లంతయు నిముడదు. బిడ్డ తన రాబడి చూపి, వీరి పోషణభారము తనదని పూచీపత్రము వ్రాసి యీయవలెను.

ఇది కాగితముల సంగతి. అసలు చిక్కు కార్డు చేతికి వచ్చిన పిమ్మటనే మొదలగును. దీనిని రాకపోకలకు పనికివచ్చు దీర్ఘకాలపు వీసాగా తలంచువారే మనలో నెక్కువ. అది నివాసపు హక్కు. నివసింపని వానికి నిలువదు. సంక్రాంతికి వచ్చి, మామిడికాపు ముగిసినదాక ఊరనుండి, మరల పోవుదమనుకొనిన కుదురదు. ఆఱు నెలలు దాటిన గైరుహాజరు ప్రశ్నలకు తావిచ్చును. ఏడాది దాటినచో ఆ కార్డుతో తిరిగి ప్రవేశించుట కుదురదు. బయలుదేరకముందే అచ్చట అర్జీ పెట్టి పునఃప్రవేశపత్రము పొందినవారికి సాధారణముగా రెండేండ్ల గడువు దొరకును. ఏటేట కొన్నాళ్లు పోయి ముఖము చూపి వచ్చుటయు చాలదు.

వైద్యమును గూర్చి మన పెద్దలు కడపట అడుగుదురు. మొదట అడుగవలసిన దదియే. 65 ఏండ్లు దాటినవారికి అచ్చట మెడికేర్ అను ప్రభుత్వ బీమా కలదు. శాశ్వతనివాసిగా వెళ్లినవారు అందు చేరుటకు 5 ఏండ్లు ఎడతెగక అచ్చట నివసించి యుండవలెను. తాముగాని దంపతులలో రెండవవారుగాని సుమారు పదేండ్లు అచ్చట పనిచేసి పన్ను కట్టియుండనిచో, ఆసుపత్రి ఖర్చుల భాగమునకు నెలనెల పెద్దమొత్తమే చెల్లింపవలెను. అందాక రక్తపుపోటు, చక్కెరవ్యాధి గలవారి భారము బిడ్డ కొనియిచ్చు బీమాపై నుండును.

పొలమును గూర్చి భయము వలదు. గ్రీన్ కార్డు వలన భారత పౌరసత్వము పోదు. ఇచ్చట నుండగా కొనినదియు, పిత్రార్జితమును ఉంచుకొనవచ్చును. అచ్చట స్థిరపడిన పిమ్మట క్రొత్తగ సాగుభూమి కొనుటకు మాత్రము వీలులేదు.

ఊరు విడువలేనివారికి సందర్శక వీసాయే మేలని నా యభిప్రాయము. అది తఱచు పదేండ్లకు ఇత్తురు. వెళ్లిన ప్రతిసారి సాధారణముగా ఆఱు నెలలు ఉండనిత్తురు. గ్రీన్ కార్డు కొఱకు అర్జీ పడిన పిమ్మట ఈ వీసా దొరకుట కష్టమగును. కావున ఏడాదిలో ఎన్ని నెలలు ఎచ్చట నుండగలరో, బిడ్డ ఆ కాగితముపై సంతకము చేయకముందే, ఆలుమగలిద్దరును కూర్చుండి లెక్క చూచుకొనవలెను.