కరువునాటి ధైర్యవచనము

తెలుగు బైబిలులో బర్నబా అను పేరునకు హెచ్చరిక పుత్రుడని అర్థము చెప్పబడినది. నేటి వాడుకలో హెచ్చరిక యనగా, ముందు ప్రమాదమున్నదని వేలెత్తి చూపుట. అనువాదము చేసిన పెద్దల చెవికి ఆ మాటలో వేరొక ధ్వని వినిపించెను. కుంగిన వానిని మేలుకొలిపి, వెన్ను తట్టి, లేచి నడువుమని చెప్పుట వారి భావము. అయితే, ఇంత గొప్ప పేరు పొందిన ఈ బర్నబా చేసినట్లు గ్రంథము మొదట చెప్పునది ఉపన్యాసము కాదు. ఆయన తన పొలము నమ్మి, ఆ సొమ్ము తెచ్చి, అక్కరలో నున్నవారి నిమిత్తము అపొస్తలుల పాదముల యొద్ద పెట్టెను. కొంతకాలమునకు, క్లౌదియ చక్రవర్తి దినములలో కరువు వచ్చినపుడు, అంతియొకయలోని విశ్వాసులు ఎవరి శక్తికొలది వారు సొమ్ము కూర్చి యూదయకు పంపిరి. దానిని మోసికొని పోయిన యిద్దరిలోను ఒకడీ బర్నబాయే. క్రైస్తవ సంప్రదాయములో ధైర్యము చెప్పుట యనునది మొదటి నుండియు నోటితో మాత్రమే చేయు పని కాదు.

మన తెలుగునాట ఈ మాటకు గట్టి పరీక్ష ధాత కరువులో జరిగినది. 1876లో వానలు లేవు. మరుసటి సంవత్సరమును అంతే. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణ దేశమున లక్షలమంది మరణించిరి. 1877లో ప్రభుత్వము, సర్ రిచర్డ్ టెంపుల్ సలహాపై, సహాయపు పనులలో కూలివానికిచ్చు ధాన్యమును దినమునకు ఒక పౌనుకు తగ్గించినది. దానిపై చేతికి వచ్చు డబ్బు అతిస్వల్పము. ఎండలో మన్ను మోయు మనిషికి అర్ధసేరు గింజలు ఏ మూలకని ఆనాడే వైద్యులు ప్రశ్నించిరి.

ఆ కాలమున ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యుండెను. 1866లో ఆయన అచ్చటికి వచ్చెను. ఆయన మాట విని మొదట విశ్వసించినవారిలో ముఖ్యుడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారముతో ఊరూర తిరిగిన మాదిగ కులస్థుడాయన. పేరయ్య వెంటను, ఆయన వంటివారి వెంటను ఆ మతము మాదిగ పల్లెలలో వ్యాపించినది. కరువు మొదట కాటు వేసినదియు ఆ పల్లెలనే. ఊరిలో ధాన్యము లేనపుడు కూలి లేదు. కూలి లేనివాని కుండలో గంజి లేదు.

క్లౌ దొర యౌవనమున భూములు కొలుచు సర్వేయరుగా పనిచేసినవాడు. నాడు కరువు పనుల క్రింద బకింగ్‌హాం కాలువ త్రవ్వుచుండిరి. మద్రాసును కృష్ణా డెల్టాతో కలుపు ఆ కాలువలో మూడు మైళ్ళకు పైబడిన భాగమును త్రవ్వించు కంట్రాక్టు ఆయన తీసికొనెను. ఊరూర నుండి జనము వచ్చి గుడిసెలు వేసికొనిరి. పలుగు, పార, గంప వారి చేతికి వచ్చినవి. చేసిన పనికి కూలి వచ్చినది. బోధకులే మేస్త్రీలై పనివారి నడుమ తిరిగిరి. గంపలు దించి నీడకు చేరిన వేళ, ప్రయాసపడి బరువు మోయువారిని విశ్రాంతికి పిలిచిన క్రీస్తు మాటను వారు చెప్పెడివారు. బరువు మోయుట యననేమో వినువారికి వేరే వివరింప నక్కరలేదు. వారి తల మీది చుట్టగుడ్డ ఇంకను తడిగానే యుండెను.

ఇచ్చట మిక్కిలి చిక్కైన ప్రశ్న యొకటి లేచినది. తిండి కొరకు మతము పుచ్చుకొనుచున్నారని లోకము అనదా? అనును. అనుటకు కారణమును కలదు. ఆకలిగొన్నవాని ముందు అన్నమును, మతమును ఒకే చేతితో పెట్టినచో, అతడు దేనికి చేయి చాచెనో అతనికే తెలియకపోవచ్చును. క్లౌ ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. కరువు సహాయము నడచినంత కాలము, సుమారు పదునైదు నెలలు, ఆయన బాప్తిస్మ మిచ్చుట నిలిపివేసెను. అడిగినవారిని వేచియుండుడనెను. సహాయము ముగిసి, ఇక ఇచ్చుటకు రూకలు లేవని అందరికిని తెలిసిన తరువాతనే వారిని పిలిచెను. 1878 జూలైలో, ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. అందులో జూలై 3వ తేదీ నొక్కదినముననే 2,222 మంది.

ఈ లెక్క మత చరిత్రలో ప్రసిద్ధికెక్కినది. మాకు మాత్రము ఆ పదునైదు నెలల నిరీక్షణయే ఎక్కువ విలువ గలదిగా తోచును. అంతమంది హృదయములలో ఆశ ఎంత, కృతజ్ఞత యెంత, విశ్వాసమెంత యని తూచు త్రాసు ఎవరి వద్దను లేదు. ఊరి వెలుపల నుంచబడిన జనమునకు, తమను మనుష్యులుగా చూచిన వారితో కలిసి నడువవలెనను కోరికయు అందులో నుండియుండును. అది సిగ్గుపడవలసిన కోరిక కాదు. అన్నమునకు వెల కట్టరాదని ఇచ్చువాడు గుర్తెరిగి యుండుట ముఖ్యము.

తెలంగాణమునను ఇట్టి సాక్ష్యము కలదు. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. పదేండ్లు సాగిన ఆ నిర్మాణము కరువు బాధితులకు పని కల్పించి కూడు పెట్టినది. ఆ గోపురమును చూచువారు దాని యెత్తును పొగడుదురు. ఆ రాళ్ళు మోసి పిల్లలను బ్రతికించుకొన్నవారిని గూడ తలంచుకొనుట న్యాయము.

సూర్యాపేట ప్రాంతమునకు దగ్గర కథ మరియొకటి. 1890 ప్రాంతమున నల్లగొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దక్షిణ రష్యాలోని మెన్నొనైట్ వ్యవసాయదారుల బిడ్డ. అచ్చటి రైతులు పంపిన కానుకలతో ఆ పని నడచి సూర్యాపేటకును విస్తరించినది. తరువాత యుద్ధము, విప్లవము, కరువు వచ్చి ఆ రైతులే అన్నమునకు అలమటించిరి. వారి ఆకలి తీర్చుటకై 1920లో అమెరికాలోని మెన్నొనైట్లు ప్రత్యేకముగా ఒక సంఘమును స్థాపింపవలసి వచ్చినది. ఇచ్చు చేయి ఎల్లపుడును పైననే యుండదు. ఇది తెలిసినవాడు ఇచ్చునపుడు తల ఎగురవేయడు, పుచ్చుకొనునపుడు తల దించుకొనడు.

1955 డిసెంబరు 10న నాగార్జున సాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు నాడు ధాత కరువుతో మాడిన ఒంగోలు సీమ వరకు పోయినది. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములను వరిపొలములుగా మార్చినది. అయినను కాలువ యున్నంతమాత్రమున కష్టము తొలగదు. ఎగువన వానలు లేని సంవత్సరము జలాశయము అడుగంటును. చివరి భూములకు నీరందదు. వరి రానిచో మిర్యాలగూడ రైసు మిల్లులలో హమాలీకి బస్తా లేదు. ఇక అతివృష్టియైనను నష్టమే. 2024 సెప్టెంబరు 1న కోదాడ ప్రాంతమున కుంభవృష్టి కురిసి, నడిగూడెము వైపున ఎడమకాలువకే గండి పడినది. నీరు తెచ్చు కాలువయే పొలములను ముంచినది.

అట్టి ఏట కౌలురైతు పరిస్థితి తలచుకొనుడు. పంట పోయినను కౌలు పోదు. ఎరువుల దుకాణమున ఖాతా పెరుగును. నూటికి రెండు రూపాయల వడ్డీ నెల తిరుగగానే గుమ్మము ముందు నిలుచును. అతడు ప్రార్థనకు రాడు. చేతిలో కానుక లేదని సిగ్గు. పెండ్లికి రాడు. కట్నము చదివింప లేదని సిగ్గు. పేదరికము మొదట మనిషిని ఒంటరిని చేయును. దేవుడే చూచుకొనునని గుమ్మములో నిలిచి చెప్పి వెడలిపోవుట అతనికి ధైర్యము కాదు. చలికి వణకువానిని వెచ్చగా నుండుమని పంపివేసిన విశ్వాసము మృతమని యాకోబు పత్రిక నిష్కర్షగా చెప్పుచున్నది.

మరి చేయవలసినదేమి? తెలుగు క్రైస్తవ గృహములలో పిడికెడు బియ్యము అను ఆచారము కలదు. ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. వారము తిరుగునప్పటికి అది ఒక యింటికి పూటబత్తెమగును. లేనివారు గూడ చేయదగిన దానమిది. పిడికెడు తగ్గినందున ఏ కుండయు వెలితిపడదు. ఆ బియ్యము చీకటి పడిన తరువాత, చాటుగా, చేరవలసిన యింటికి చేరవలెను. అప్పులవాని వెంట బ్యాంకునకు, మండల కార్యాలయమునకు నడచి, కాగితము చదివి పెట్టుటయు దానమే. పిల్లవాని బడి జీతము కట్టి, ఆ మాట మరి యెవరికిని చెప్పకుండుటయు దానమే. అన్నిటికన్న ముందు, రాని మనిషి ఎందుకు రాలేదో కనుగొని, అతని యింటి అరుగు మీద కొంతసేపు కూర్చుండుట వలయును.

ఈ మాటలు క్రైస్తవ గృహములకు మాత్రమే చెప్పుటలేదు. దేవుని ఏ పేరున పిలుచువారికైనను ఆకలికి పేరొక్కటే. సాయము చేసి విశ్వాసమును అడుగరాదు. విశ్వాసముంచి సాయమును మానరాదు. ఈ రెంటి నడుమ నున్న సన్నని గట్టు మీద నడచినవాడే నిజమైన హెచ్చరిక పుత్రుడు. ఆ గట్టు మన పొలములలోనే యున్నది. కాలువ నీరు వచ్చిన ఏటను, రాని ఏటను.