చలి గదిలో పూసే కొండ ఆర్కిడ్

నైట్ షిఫ్ట్ దిగి డబ్లిన్ బస్సులో వింటున్నవాళ్ళకీ, కార్క్‌లో వంట చేసుకుంటూ వింటున్నవాళ్ళకీ స్వాగతం. ఈసారి ఒక చిన్న మొక్క గురించి మాట్లాడుకుందాం.

పేరు పెద్దది: డెండ్రోబియమ్ కత్‌బర్ట్‌సోనీ. మొక్క మాత్రం బొటనవేలంత. న్యూగినీ దీవి కొండల మీద, ఎప్పుడూ మబ్బు కమ్మి ఉండే అడవుల్లో, నాచు పట్టిన కొమ్మల మీద పెరుగుతుంది. పువ్వు దాదాపు మొక్కంత ఉంటుంది. ఎరుపు, నారింజ, పసుపు, గులాబీ రంగుల్లో పూస్తుంది, ఒక్కో పువ్వు నెలల తరబడి వాడదు.

మనవైపు చెట్టు మీద మొక్క కనిపిస్తే బదనిక అనేస్తాం. బదనిక చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ అలా కాదండీ. కొమ్మను పట్టుకుని నిలబడుతుందంతే, నీళ్ళు వాననుంచీ మంచునుంచీ తీసుకుంటుంది.

విజయవాడ ఎండల్లో ఇది బతకదు. రాత్రి 10 నుంచి 13 డిగ్రీలు, పగలు 20 చుట్టూ ఉంటే దానికి హాయి. అంటే మనం తిట్టుకునే ఈ ఐర్లండ్ చలే దానికి కావాలి! హీటర్ వేయని గదిలో, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర, రేడియేటర్‌కి దూరంగా పెట్టండి. వాన నీళ్ళు పట్టి పోయండి. వేళ్ళు పూర్తిగా ఎండనివ్వొద్దు, గాలి ఆడనివ్వండి.

కొనేముందు అమ్మేవాళ్ళని ఒక్క మాట అడగండి: ఇది విత్తనం నుంచి పెంచిందా, అడవి నుంచి తెచ్చిందా? ఆర్కిడ్ విత్తనం పొడిలా ఉంటుంది, లోపల తిండి ఉండదు. అడవిలో ఒక రకం బూజు తోడుంటేనే మొలుస్తుంది. ఈ సంగతి 1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ కనిపెట్టారు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజు లేకుండా, చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించారు. వీళ్ళందరికన్నా ముందే, 1840ల్లో, మన డబ్లిన్ గ్లాస్నెవిన్ తోటలో డేవిడ్ మూర్ ఆర్కిడ్ విత్తనాలు మొలిపించారు. 1845లో బంగాళాదుంప తెగులును ఇక్కడ గుర్తించింది కూడా ఆయనే. ఇలా విత్తనంతో పెంచిన మొక్కలు దొరుకుతున్నప్పుడు అడవిని దోచినవి మనకెందుకు?

ఇంకో మాట. ఊరి గుర్తుగా అరకు నుంచి ఆర్కిడ్‌ని సూట్‌కేసులో పెట్టుకురావద్దు. ఆర్కిడ్లన్నీ సైటిస్ ఒప్పందం కిందకి వస్తాయి. పైగా యూరోపియన్ యూనియన్‌లోకి మొక్క తేవాలంటే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి.

సెలవు దొరికితే గ్లాస్నెవిన్ వెళ్ళి అద్దాల ఇళ్ళు చూడండి, టికెట్ లేదు. వచ్చేసారి కలుద్దాం, ఉంటాను.